చట్టంలో 'ఆమె', రిజిస్టరులో ఆమె

మొన్న ఒక జిల్లా కేంద్రంలో చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న స్త్రీలకు ఒక రోజు శిక్షణ పెట్టారు. నన్నూ రమ్మన్నారు. వచ్చినవాళ్ళలో పట్టణ పొదుపు సంఘాల వాళ్ళే ఎక్కువ. కుట్టు సెంటర్లు, కర్రీ పాయింట్లు, బ్యూటీ పార్లర్లు, లేడీస్ హాస్టళ్ళు నడిపేవాళ్ళు, పచ్చళ్ళు పెట్టి పార్సిల్‌లో అమెరికా దాకా పంపే అక్కచెల్లెళ్ళు ఇద్దరు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక ఆడిటర్ గారు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 గురించి మాట్లాడారు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళ వివరాలు మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటే మీరూ ఈ చట్టం కిందికే వస్తారనీ, వాటిని సరిగా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుందనీ చెప్పారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒకటే నవ్వు. కర్రీ పాయింట్ నడిపే ఆమె లేచి, "సార్, నా కొట్టూ, మా అత్తగారిల్లూ కలిపి అమ్మినా అన్ని సున్నాలు రావండీ" అంది.

నవ్వుకున్నాం గానీ, ఆ రోజంతా జరిగిన చర్చ నాకు మింగుడుపడలేదు. జరిమానా గురించి మాట్లాడారు. ఏ కాగితం మీద ఎవరి సంతకం తీసుకోవాలో మాట్లాడారు. పన్నెండు వేలిస్తే పాలసీ కాగితాలన్నీ తయారు చేసిపెడతానని ఒకాయన కార్డులు కూడా పంచాడు. ఆ వివరాలు ఎవరివో, అవి బయటికి పోతే ఆ మనిషికి ఏమవుతుందో మాత్రం ఒక్కరూ అనలేదు. ఆడవాళ్ళతో నిండిన ఆ హాల్లో కూడా ఆ ప్రశ్న రాలేదు.

నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక అమ్మాయి. నాలుగేళ్ళ కిందట మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చింది. భర్త కొట్టే దెబ్బలకు తట్టుకోలేక ఇల్లు వదిలింది. ఒక బట్టల షాపులో ఉద్యోగం చూసి, మాకు తెలిసిన ఒక లేడీస్ హాస్టల్‌లో చేర్పించాం. ఫారం నేనే నింపాను. ఆధార్ జెరాక్స్, ఫోటో, ఫోన్ నంబరు, గార్డియన్ నంబరు, పనిచేసే చోటు, అన్నీ అడిగారు, అన్నీ ఇచ్చాం. ఎందుకని అడగాలని నాకూ తోచలేదు. హాస్టల్ నడిపే ఆమె ఎప్పుడూ చేసేటట్టే ఆ ఫారాన్ని ఫోటో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'కొత్త మెంబర్, మూడో అంతస్తు' అని రాసింది. వంటమనిషికి లెక్క తెలియాలి, వాచ్‌మన్‌కు ముఖం తెలియాలి కదా! ఆ గ్రూపులో ఇప్పుడున్నవాళ్ళే కాదు, రెండేళ్ళ కిందట ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకామెది ఈ అమ్మాయి అత్తవారి ఊరే. పదకొండో రోజు సాయంత్రం భర్త గేటు ముందు నిలబడి ఉన్నాడు. డ్యూటీ నుంచి వస్తున్న అమ్మాయిని రోడ్డు మీదే హెల్మెట్‌తో కొట్టాడు. మణికట్టు ఎముక విరిగింది. ఉద్యోగం పోయింది. ఊరు మారాల్సి వచ్చింది.

హాస్టల్ ఆమె ఏడ్చింది. "నేనేం తప్పు చేశానమ్మా, అందరికీ చేసినట్టే చేశాను" అంది. నిజమే, అందరికీ అలాగే చేస్తోంది. ఆమె దుర్మార్గురాలు కాదు. భర్త పోయాక అప్పు చేసి ఆ బిల్డింగు అద్దెకు తీసుకుని, అరవై మందికి వండి పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి. ఆమె హాస్టల్‌లో భద్రతకు లోటు లేదు. కిటికీలకు గ్రిల్స్, మెట్ల దగ్గర సి.సి. కెమెరా, రాత్రి తొమ్మిది దాటితే గేటు తీయరు. అమ్మాయిలు ఎక్కడికి వెళుతున్నారో పుస్తకంలో రాసి వెళ్ళాలి. ఇంత కాపలా అమ్మాయిల మీదే. వాళ్ళ ఫోన్ నంబర్ల మీద, ఆధార్ కాగితాల మీద ఏ కాపలా లేదు. మన సమాజంలో స్త్రీల రక్షణ అనే మాటకు ఎప్పుడూ ఉన్న అర్థమే ఇక్కడా పనిచేసింది. స్త్రీని కదలకుండా చూడటమే రక్షణ అనుకుంటాం. ఆమె గురించి ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించుకునే అధికారం ఆమెకు ఉండాలని అనుకోం.

ఇది ఒక హాస్టల్ కథ కాదని 2025లో రాజ్‌కోట్ ఉదంతం తేటతెల్లం చేసింది. గుజరాత్‌లోని ఆ ఊళ్ళో ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్త్రీలను పరీక్ష చేసే చోట, ఇంజెక్షన్లు చేసే చోట ఉన్న సి.సి. కెమెరా దృశ్యాలు ఫిబ్రవరి నెలలో యూట్యూబ్‌లో కనిపించాయి. అక్కడి నుంచి టెలిగ్రామ్ గ్రూపులకు దారి చూపి, డబ్బుకు అమ్మారు. గుజరాత్ పోలీసులు ఇతర రాష్ట్రాల్లో కూడా అరెస్టులు చేశారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, దేశంలోని ఎన్నో ఆసుపత్రులు, స్కూళ్ళు, ఆఫీసులు, ఇళ్ళ కెమెరాల నుంచి దాదాపు 50 వేల క్లిప్పులు ఇలా దొంగిలించారు. ఇందుకు గొప్ప సాంకేతిక ప్రతిభ అక్కర్లేకపోయింది. కెమెరా కొన్నప్పుడు కంపెనీ పెట్టి ఇచ్చే 'అడ్మిన్ 123' వంటి పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చలేదు. అంతే.

ఆ గదిలో కెమెరా ఎందుకుంది అన్నది మొదటి ప్రశ్న. కానీ కెమెరాలు పెట్టండి పెట్టండి అని చెప్పింది ఎవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రత పేరుతో ఒక చట్టమే వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు దాచాలనీ చెప్పింది. హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' అని పేరుపెట్టి కాలనీలనూ దుకాణాలనూ కెమెరాల కోసం కదిలించారు. స్త్రీల భద్రతే దీనికి చెప్పిన పెద్ద కారణం. కెమెరా ఉందా అని అడగటానికి వచ్చే పోలీసులను చాలామంది దుకాణదారులు చూశారు. పాస్‌వర్డ్ మార్చారా, ఆ దృశ్యాలు ఎవరి ఫోన్‌లో కనిపిస్తున్నాయి అని అడగటానికి వచ్చినవాళ్ళు ఉన్నారేమోనని ఆ హాల్లో అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

మన ఉద్యమంలో కొంతమందికి ఈ గోప్యత అనే మాట మీదే అనుమానం ఉంది. అది సహేతుకమైన అనుమానమే. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అని చెప్పి చెప్పి నాలుగు గోడల మధ్య హింసను బయటికి రాకుండా చేసింది ఈ గుట్టే కదా! ఆ గోడలు బద్దలుకొట్టడానికే మనం ఇన్నేళ్ళు పనిచేశాం. అయితే గుట్టు వేరు, గోప్యత వేరు. గుట్టు కుటుంబానిది. గోప్యత మనిషిది. ఈ తేడాను మన హైకోర్టు ఒకసారి చాలా స్పష్టంగా చూసింది. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె ఏకాంత హక్కుకు భంగమని, చెల్లదని తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పును తప్పన్నది. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించేదాకా ఆ ఆలోచన పక్కనే పడి ఉంది. హాస్టల్ ఫారంలోని ఫోన్ నంబరును నేను ఈ వరసలోనే చూస్తాను. కాపురానికి రానని చెప్పిన స్త్రీని వెతికి పట్టుకోవడానికి ఇవాళ భర్తకు కోర్టు ఆదేశం అక్కర్లేదు. ఒక వాట్సాప్ గ్రూపు చాలు.

ఇక చట్టం సంగతి. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టంలో ఒక విశేషం ఉంది. అందులో వ్యక్తి అని చెప్పాల్సిన ప్రతిచోటా 'ఆమె' అని రాశారు. ఆ మాట స్త్రీలకూ పురుషులకూ అందరికీ వర్తిస్తుందని నిర్వచనం ఇచ్చారు. ఇన్నాళ్ళూ 'అతడు' అంటే ఆమె కూడా అని సర్దుకుపోయిన మనకు ఇది సంతోషమే. అయితే ఆ 'ఆమె'కు ఏం ఇచ్చారో చూద్దాం.

సమాచారం పోగొట్టిన సంస్థ మీద డేటా రక్షణ బోర్డు జరిమానా వేస్తే ఆ డబ్బు భారత సంచిత నిధికి పోతుంది. ఆమెకు పైసా రాదు. అంతకుముందు సమాచార సాంకేతిక చట్టంలో 43ఎ సెక్షన్ ఉండేది. ఆసుపత్రి రికార్డులు, బ్యాంకు వివరాల వంటి సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యం వల్ల పోగొట్టిన వ్యాపార సంస్థ నుంచి నష్టపరిహారం అడిగే వీలు అందులో ఉంది. కొత్త చట్టం దాన్ని తీసేస్తుంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. వాటితోపాటు వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. 43ఎ రద్దుకు కూడా అదే గడువు. పైగా ఆమె అబద్ధపు ఫిర్యాదు, పసలేని ఫిర్యాదు చేసిందని తేలితే ఆమెకే పదివేల దాకా జరిమానా. 498ఎ మీద 'తప్పుడు కేసులు' అన్న గోల ఎన్నేళ్ళుగానో వింటున్న మనకు ఈ వాక్యం ఎటువైపు పనిచేస్తుందో వేరే చెప్పాలా?

రాజ్యం తన సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకుంది. కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతి భద్రతల పేరుతో మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) సెక్షన్‌ను మార్చి వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఉండటానికి అధికారులకు మరింత వెసులుబాటు కల్పించారు. ఈ మార్పు మాత్రం 18 నెలలు ఆగలేదు, 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం పోగొట్టిన సమాచారం తక్కువేం కాదు. బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మేలో ఒక నివేదిక ప్రచురించింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ ద్వారా దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. ఉపాధి పనికి వెళ్ళిన కూలీ స్త్రీల బ్యాంకు వివరాలు ఎవరైనా చూసేటట్టు పెట్టినందుకు ఎవరికి శిక్ష పడింది?

ఇది చూసి చాలామంది, చిన్న వ్యాపారాలను చట్టం నుంచి మినహాయించమని అడుగుదాం అంటున్నారు. స్టార్టప్‌లతో సహా కొన్ని రకాల సంస్థలకు కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది కూడా. నేను దీన్ని ఒప్పుకోను. 250 కోట్లు కర్రీ పాయింట్ ఆమెను భయపెట్టడానికి పనికొచ్చే అంకె తప్ప ఆమె మీద పడేది కాదు. అది గరిష్ఠ పరిమితి. తప్పు తీవ్రతను, జరిమానా ప్రభావాన్ని చూసి వేయాలని చట్టమే చెబుతోంది. దెబ్బ తిన్న అమ్మాయికి మాత్రం తన నంబరు బయటపెట్టింది పెద్ద కంపెనీయా, అరవై మంచాల హాస్టలా అన్న తేడా ఏమీ లేదు. స్త్రీల వివరాలు అందరికంటే ఎక్కువగా ఉండేది ఈ చిన్న చోట్లే. బ్యాంకు దగ్గర ఆమె ఖాతా నంబరు ఉంటే, దర్జీ దగ్గర ఆమె ఒంటి కొలతలు, పేరు, నంబరు ఒకే పేజీలో ఉంటాయి. ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాల వాళ్ళు అమ్మాయిల నంబర్లను అందాన్ని బట్టి ధర కట్టి 50 నుంచి 500 రూపాయలకు అమ్ముతున్నారని 2017లో హిందుస్తాన్ టైమ్స్ పత్రిక రాసింది. అవి చిన్న దుకాణాలే.

మినహాయింపుకు బదులు నేర్పించమని అడగాలి. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్ళూ, సంఘాలను నడిపే ప్రభుత్వ శాఖలూ లెక్కల పుస్తకం రాయటం నేర్పినట్టే ఇది కూడా నేర్పాలి. చేతకాని విషయమేం కాదు. ఆడిటర్ గారు బస్సు టైమైందని వెళ్ళిపోయాక మేమే కూర్చుని మాట్లాడుకున్నాం. పచ్చళ్ళ అక్కచెల్లెళ్ళు పార్సిల్ మీద చిరునామా, ఫోన్ నంబరు కనిపించేటట్టు ఫోటో తీసి స్టేటస్‌లో పెడుతున్నారు, మా సరుకు అమెరికా వెళుతోందని చెప్పుకోవడానికి. పార్లర్ ఆమె పెళ్ళికూతుళ్ళ ఫోటోలు అడగకుండానే పెడుతోంది. ట్యూషన్ సెంటర్ కంప్యూటర్, ఇంటి పిల్లల ఆటల కంప్యూటర్ ఒకటే. వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంది, అదే వైఫై మీద కెమెరా, ఫీజుల లెక్క నడుస్తున్నాయి. ఆ సాయంత్రమే నలుగురు తమ కెమెరా పాస్‌వర్డ్ ఏమిటో కెమెరా పెట్టినతన్ని ఫోన్ చేసి అడిగారు. ముగ్గురికి అతను నోటికి చెప్పాడు! అంటే అతనికి ముగ్గురి దుకాణాల్లోకీ ఎప్పుడైనా చూసే వీలుంది. ఆ మాట వినగానే పార్లర్ ఆమె ముఖం మాడిపోయింది.

నాకు తెలిసినంతలో, చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది తక్కువ తీసుకోవడం. అక్కర్లేని ఆధార్ జెరాక్స్ తీసుకోకపోతే దాన్ని కాపాడే పనే లేదు. తీసుకోక తప్పకపోతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తోంది. గ్రూపుకు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. వెళ్ళిపోయినవాళ్ళ వివరాలు చెరిపేయాలి. కస్టమర్లకు వేరే వైఫై ఇవ్వాలి. కొలతల పుస్తకంలో ఫోన్ నంబరు లేకుండా బిల్లు నంబరు రాసుకోవచ్చు. ఇంకొకటి, ఈ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలు ఆమెకు ఉండాలి, రాజ్యాంగంలోని 22 భాషల్లో ఏది కోరితే అందులో. ఇంగ్లీషు కాగితం మీద సంతకాలు పెట్టించే పన్నెండువేల ఆయన ఆ సంగతి చెప్పలేదు.

కుట్టు సెంటర్ నడిపే ఒకామె అంతా విని, "మరి మీ ఆఫీసులో మా వివరాలు ఎలా ఉంచుతారు మేడమ్?" అని అడిగింది. నిజం చెప్పాలంటే నేను తడబడ్డాను.

మన సంస్థలు కూడా ఈ చట్టం దృష్టిలో ఆ దుకాణాల వంటివే. మన దగ్గరున్న సమాచారం వాళ్ళ దగ్గరున్నదానికంటే ప్రమాదకరమైనది. అత్యాచార బాధితురాలి పేరు పత్రిక రాస్తే మనం చట్టాన్ని గుర్తుచేసి కేసు పెట్టమంటాం. మన దాతలకు పంపే రిపోర్టుల్లో పేరు, ఊరు, కులం, ఫోటో, కేసు వివరం ఒకే వరసలో పంపిస్తాం. తిరిగి వెళ్ళగానే మా ఆఫీసులో వెతికాం. మూడేళ్ళ కిందట ఒక ప్రాజెక్టు కోసం తయారు చేసిన గూగుల్ షీట్ ఒకటి లింకు ఉన్న ఎవరైనా తెరిచి చూసేటట్టు ఉండిపోయింది. అందులో 47 మంది స్త్రీల పేర్లు, నంబర్లు, వాళ్ళ మీద జరిగిన హింస వివరాలు ఉన్నాయి. ఆ లింకు ఎన్ని ఈమెయిళ్ళలో, ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో మేం చెప్పలేం. పాత ఉద్యోగుల దగ్గర ఇప్పటికీ ఉండే ఉంటుంది. లింకు మూసేశాం. ఎవరి మీద నెపం వేయాలన్న దాని మీద ఒక పూట గొడవపడ్డాం. షీట్ చేసిన అమ్మాయిది తప్పని కొందరు. అన్ని వివరాలూ కావాలని అడిగిన నాదీ తప్పేనని నేను ఒప్పుకున్నాను.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. సమాచారం బయటపడితే ఆ సంగతి సంబంధించిన ప్రతి వ్యక్తికీ ఆలస్యం లేకుండా తెలియజేయాలని కొత్త నియమాలు చెబుతున్నాయి. ఆ నియమం ఇంకా అమలులోకి రాకపోయినా ఆ 47 మందికీ తెలుసుకునే హక్కు ఉందని అందరం ఒప్పుకున్నాం. ఎలా తెలియజేయాలి? ఆమె మనకు ఇచ్చిన నంబరుకు. కానీ ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు? మెసేజి పెడితే ఎవరు చదువుతారు? ఫలానా కేంద్రంలో నీ కేసు వివరాలు ఉన్నాయి అన్న ఒక్క వాక్యం, రాజీపడి తిరిగి అత్తగారింటికి వెళ్ళిన మనిషికి ఏం తెచ్చిపెడుతుందో మనందరికీ తెలుసు. నియమాలు రాసినవాళ్ళకు ఈ ఆలోచన వచ్చినట్టు లేదు. సురక్షితంగా ఎక్కడ, ఎప్పుడు, ఏ పేరుతో తనను పలకరించాలో చెప్పే హక్కు ఆమెకు ఉండాలనీ, సంస్థలు ముందే అడిగి రాసుకోవాలనీ మనం బోర్డును కోరాలి. మన ఫారాల్లో ఆ గడి రేపే చేర్చవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పటికి పంతొమ్మిది మందికి చెప్పగలిగాం. కొందరిని అంగన్‌వాడీ దగ్గర, కొందరిని పని దగ్గర కలిశాం. ఇద్దరు మా మీద కోప్పడ్డారు, ఒకామె మళ్ళీ మీ గడప తొక్కనంది. మిగిలినవాళ్ళ కోసం తిరుగుతున్నాం. ఒకామె సిమ్ ఇప్పుడు ఆమె భర్త ఫోన్‌లో ఉందని తెలిసింది. ఆమె దగ్గరికి ఎవరు వెళ్ళాలో, ఏమని చెప్పి ఆ ఇంట్లోకి వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు.